మేస్టారి ఇంట్లో తెరుచుకున్న ఫైలు

మా సంఘంలో ఒక అలవాటు ఉంది. బయటివాళ్లకు తెలియదు కనుక ముందే చెబుతాను. మనిషి పోయాక వారం తిరక్కుండా చర్చిలో ఆదరణ కూడిక పెడతారు. అందులో పోయినవారి జీవిత సంగ్రహం చదువుతారు. ఎక్కడ పుట్టారు, బాప్తిస్మం ఎప్పుడు, ఏం పని చేశారు, ఏ కష్టాలు దాటారు, అంతా కలిపి ఒక పేజీ, మహా అయితే రెండు. పిల్లలు రాస్తే అందులోకి లేని గొప్పలు చేరతాయి. తాపీ పని చేసినవాడు కాంట్రాక్టరైపోతాడు. తాగి గట్టు మీద పడుకున్నవాడు గొప్ప ప్రార్థనాపరుడైపోతాడు. అలా జరుగుతుందని భయపడ్డ ముసలివాళ్లు బతికుండగానే వచ్చి తమ కథ తాము చెప్పి రాయించుకునేవారు. ఎవరి దగ్గరికి వచ్చేవారంటే నా దగ్గరికి.

ఈ మాట కాస్త గట్టిగానే చెబుతున్నాను. నేను అయిదో తరగతి దాటినవాణ్ని కాను. సాలూరులో ఒక లారీ ఆఫీసులో గుమస్తాగా చేరి, లారీలు కదలని మధ్యాహ్నాలు ఎదురు కొట్లో దస్తావేజులు రాసే ఆయన తెలుగు టైపు మిషను మీద కొట్టి కొట్టి వేళ్లకు చదువు నేర్పుకున్నాను. దొరికిన పుస్తకమల్లా చదివాను, పొట్లం కట్టిన కాగితం కూడా విప్పి చదివాను. పని మానేసి విజయనగరం వచ్చేశాక దాచుకున్న డబ్బుతో కంప్యూటరు కొన్నాను. దానిలో తెలుగు టైపు ప్రోగ్రాం వేయించాను. దాని మీటలు అచ్చం పాత టైపు మిషను మీటల వరసే. ప్రోగ్రాంతో పాటు బొటనవేలంత లాకు ఒకటి ఇచ్చారు. కంప్యూటరు వెనక, ప్రింటరు తీగ గుచ్చే చోట దాన్ని బిగించాలి. అది లేకపోతే ప్రోగ్రాం తెరుచుకోదు.

రాయించుకోవడానికి వచ్చినవాళ్లు కుర్చీలో కూర్చుని చెబుతుంటే నేను నేరుగా టైపు కొట్టేవాణ్ని. చిత్తు ప్రతి ఉండేది కాదు. అయ్యాక పైకి చదివి వినిపించేవాణ్ని. బాగుందని తల ఊపితే అంతే, ఫైలు మూసేయడమే. అచ్చు మాత్రం తీసేవాణ్ని కాదు. బతికున్న మనిషి జీవిత సంగ్రహం కాగితం మీదికి ఎక్కితే ఆ మనిషి ఎక్కువ కాలం ఉండరని మావాళ్ల నమ్మకం. ఇది బైబిల్లో ఎక్కడుందని అయ్యగారు, అంటే మా పాస్టరు, ఎన్నిసార్లు అడిగినా ఎవరూ జవాబు చెప్పలేదు, ఎవరూ మానలేదు. అలా ముప్పైకి పైగా బతుకులు నా కంప్యూటరు లోపలే ఉండిపోయాయి.

ఇక మేస్టారి సంగతి. ఆయన రిటైరైన హెడ్మాస్టరు. మేమిద్దరం మిషను బడిలో ఒకే బల్ల మీద కూర్చుని చదివాం. అయిదో తరగతి అయ్యాక బోర్డింగు బడిలో మా ఊరికి ఒక్క సీటు వచ్చింది. ఉక్తలేఖనంలో నాకు ఒక్క తప్పూ లేదు, అతనికి మూడు. సీటు అతనికి వచ్చింది. వాళ్ల నాన్న బడి నడిపే దొరగారి బంగళాలో వంటవాడు, మా నాన్న కూలివాడు. అరవై ఏళ్లు దాటినా ఆ మూడు తప్పులూ ఏ మాటల్లో పోయాయో నేను చెప్పగలను. ఆయన చర్చిలోకి వస్తే జనం లేచి చోటిస్తారు. పెళ్లిళ్లలో ఆయన్నే ప్రార్థన చేయమంటారు. నన్ను ఆయన 'ఒరే' అంటాడు, నేను ఆయన్ని 'మేస్టారూ' అంటాను. ఒక ఈడువాళ్లం. ఈ తేడా ఎవరు పెట్టారో, ఎప్పుడు పెట్టారో గాని, నోరు దాన్ని దాటలేకపోయింది.

నేను కంప్యూటరు కొన్న నెలకు ఆయనా కొన్నాడు. అదే కొట్లో, అదే పెట్టె, అదే ప్రోగ్రాం, అదే లాకు. రెండు వేళ్లతో కొడతాడు. అయినా సంఘంలో "మేస్టారు కంప్యూటరు నేర్చుకున్నారు" అని చెప్పుకున్నారు. నేను నేర్చుకున్నప్పుడు ఎవరూ ఏమీ చెప్పుకోలేదు. ఈ మాట ఇంట్లో అంటే మా ఆవిడ కూర తరుగుతూ తల ఎత్తకుండా, "నీ కడుపుమంట పొయ్యిలో పెడితే రెండు పూటలా వంట అయిపోతాది" అంది.

పెద్ద తుఫాను వచ్చిన ఏడాది, చాలా రోజులకు కరెంటు తిరిగి వచ్చినప్పుడు నా కంప్యూటరు లేవలేదు. అల్లుడు మంచివాడు. నేను అడగకుండానే కొత్తది కొని తెచ్చి, పాతదాని లోపలి సరుకంతా కొత్తదానిలోకి ఎక్కించి, పాత పెట్టె తూకానికి ఇచ్చేశాడు. ఫైళ్లన్నీ పేర్లతో సహా వరసగా కనిపించాయి. సంతోషించాను. తెరవబోతే ఒక్కటీ తెరుచుకోలేదు. ప్రోగ్రాం బొమ్మ మీద నొక్కితే ఇంగ్లీషులో ఏదో రాసి ఉన్న చిన్న గడి వచ్చింది. దాన్ని మూస్తే మళ్లీ అదే వచ్చింది.

కంప్యూటరును ఒళ్లో పెట్టుకుని ఆటోలో గంటస్తంభం దగ్గరి రిపేరు కొట్టుకు వెళ్లాను. కొట్టు ఆయనకు యాభై పైనే ఉంటాయి, ఓపిక గలవాడు. ప్రోగ్రాం మీద మౌసు కుడి మీట నొక్కి, పాత సిస్టంలో ఉన్నట్టే నడవమని చెప్పే చోట టిక్కు పెట్టాడు. నడవలేదు. అడ్మినిస్ట్రేటరు హోదాలో తెరిచి చూశాడు. అదీ లేదు. నేను భద్రంగా దాచిన సీడీ పెట్టి మొదటినుంచి వేయబోతే, వేయించుకోవడానికే ఒప్పుకోలేదు. తర్వాత లాకు చేతిలోకి తీసుకుని, కంప్యూటరు వెనక్కి తిప్పి నాకు చూపించాడు. అది గుచ్చే చోటే కొత్తదానికి లేదు. ఆఖరికి పాత అక్షరాల ఫాంట్లు మాత్రం తెచ్చి వేసి, ఒక ఫైలును కొత్త ప్రోగ్రాంలో తెరిచాడు. గీతలు, గడులు, ఇంగ్లీషు అక్షరాలు, వాటి మధ్య దారి తప్పినట్టు ఒక 'క', ఒక 'ణ'. ఎవరి బతుకో కూడా పోల్చుకోలేకపోయాను.

"ఇప్పుడు అందరూ ఇలాగ కొడతన్నారండి" అని, ఇంగ్లీషు అక్షరాలు కొడితే తెలుగు అయ్యే పద్ధతి చూపించాడు. తెలుగు రాయడానికి నాకు ఇంగ్లీషు రావాలట. నాకు కోపం వచ్చింది. ఆయన మీద కాదు, కాని ఎదురుగా ఉన్నది ఆయనే కనుక ఆయన్నే నాలుగు మాటలన్నాను. విని, నీళ్లు ఇచ్చి, ఆ ప్రోగ్రామూ లాకూ పని చేస్తున్న పాత కంప్యూటరు ఎక్కడైనా ఉంటే పెన్‌డ్రైవులో ఫైళ్లు తీసుకెళ్లి అక్కడ తెరుచుకోవచ్చునన్నాడు. ఎక్కడుందో నాకు తెలుసు. తెలిసే, లేదన్నాను.

ఏడాది గడిచింది. ఈలోగా నా దగ్గర రాయించుకున్నవాళ్లు ఇద్దరు పోయారు. నా కంప్యూటరు పాడైందని తెలిసి వాళ్ల పిల్లలు మేస్టారి దగ్గరికి వెళ్లారు. ఆయన తెలిసింది రాశాడు. అయ్యగారు చదివారు. జనం ఏడ్చారు. నేను వెనక బల్ల మీద కూర్చుని ఆ రెండు సంగ్రహాల్లో ఎన్ని తప్పులున్నాయో లెక్కపెట్టుకున్నాను.

అప్పుడు అప్ప పోయింది. ఆవిడ మిషను ఆస్పత్రిలో ముప్పై ఏళ్లు ఆయాగా చేసింది. సొంత తమ్ముళ్లు లేకపోయినా సంఘంలో చిన్నా పెద్దా అందరికీ అప్పే, అందరికీ అక్కే. చాలా ఏళ్ల కిందట నా దగ్గరికి వచ్చి చెప్పుకున్నప్పటికే కళ్లకు పొరలు వచ్చి చూపు సరిగా ఆనేది కాదు. కుర్చీ చేతులు పట్టుకుని కూర్చుని, మొదట అన్న మాట ఇది.

"నర్సని రాయకు బాబూ. నా కూతురు సిగ్గుపడి నర్సనే సెప్తాది. నాను ఆయాని. ముప్పై ఏళ్లు బెడ్‌పాన్లు ఎత్తినాను. దేముడు సూసిన పని మనుసుల దగ్గిర దాసడం ఎందుకు?"

తప్పకుండా అలాగే రాస్తాను, అలాగే చదివిస్తానని మాటిచ్చాను.

అప్ప పోయింది మంగళవారం, కూడిక ఆదివారం. బుధవారం నేను జ్ఞాపకం ఉన్నంత మట్టుకు చేత్తో రాసి ఆవిడ కూతురి ఇంటికి పట్టుకెళ్లాను. కూతురు టీచరు. అప్పటికే మేస్టారికి చెప్పేశారట. నా కాగితం చదివి, 'ఆయా' అన్న మాట దగ్గర ఆగింది. మా అమ్మ అలా అందంటే ఋజువేమిటి అని అడగలేదు గాని, అడిగినట్టే మాట్లాడింది. "మీకు ఈ మధ్య మరుపు వస్తన్నాదట కదా బాబాయ్. అమ్మ సెప్పినప్పుడు రాసిన కాగితం ఉంటే ఇవ్వండి, అదే సదివిద్దాం." లేదంటే మేస్టారు రాసిందే చదువుతారు. నాకు మరుపా? ఉక్తలేఖనంలో మూడు తప్పులు అరవై ఏళ్లు మోసినవాడికి మరుపట.

ఇప్పుడు నా తప్పు కూడా చెప్పాలి. అప్ప ఆ రోజు మరో మాట కూడా రాయమంది. నలభై ఏళ్లు వచ్చాక, ఆదివారం మధ్యాహ్నాలు తనను కూర్చోబెట్టి అక్షరాలు దిద్దించింది మేస్టారని, ఆయన వల్లనే బైబిలు తన కళ్లతో చదువుకున్నానని, ఆ మాట మరిచిపోవద్దని చెప్పింది. నా వేళ్లు మీటల మీద ఆగిపోయాయి. అయిదో తరగతి నుంచి నేను ఎవరూ నేర్పకుండా నేర్చుకున్నవాణ్ని. ఆవిడకేమో దగ్గర కూర్చుని నేర్పడానికి మనిషి దొరికాడు, అతనూ ఇతనే. 'పట్టుదలతో స్వయంగా చదువు నేర్చుకొని' అని కొట్టాను. చదివి వినిపించేటప్పుడు మాత్రం ఆవిడ చెప్పినట్టే మేస్టారిని కలిపి చదివాను. తెర మీద లేని వాక్యాన్ని ఉన్నట్టుగా చదివాను. ఆవిడ మసక కళ్లతో తెర వైపు చూసి తల ఊపింది.

కనుక శుక్రవారం పొద్దున్న పెన్‌డ్రైవు జేబులో వేసుకుని కంటోన్మెంటు వైపు నడుస్తున్నప్పుడు నా పరిస్థితి ఇది. ఫైలు తెరుచుకోకపోతే అప్ప నర్సుగా మట్టిలో కలిసిపోతుంది, నేను ఇచ్చిన మాట పోతుంది. తెరుచుకుంటే నేను చేసింది ఎవరికి తెలియకూడదో ఆయన కళ్లముందే తెరుచుకుంటుంది.

మేస్టారు వరండాలో కాగితాలు దిద్దుకుంటున్నాడు. "రారా, కూకో" అన్నాడు. వాళ్ళావిడ టీ తెచ్చింది. నేను అడగకముందే తను రాసింది వినిపించాడు. 'రోగుల పాలిట కరుణామూర్తియైన నర్సుగా' అన్న చోట గొంతు కూడా మార్చాడు. బాగుంది. నిజంగానే బాగుంది. అందుకే ఇంకా మండింది. అప్పుడు వచ్చిన పని చెప్పాను. మీ పాత కంప్యూటరు ఒక్క అరగంట కావాలన్నాను. ఆ ముక్క చెప్పడానికి నా పళ్లు ఎంత బిగుసుకున్నాయో నాకే తెలుసు.

లోపలి గదిలో దాని మీద కుట్టుపని చేసిన గుడ్డ కప్పి ఉంది. తీశాడు. అదే పెట్టె. నాది పాత ఇనుము కింద పోయింది, ఆయనది పువ్వుల గుడ్డ కింద చల్లగా ఉంది. ఇంటర్నెట్టు పెట్టించలేదని, ఎవరినీ ముట్టుకోనివ్వలేదని గర్వంగా చెప్పాడు. వెనక లాకు వేలితో తాకి చూశాను, గట్టిగా బిగించి ఉంది. గుర్రుమంటూ లేచింది. పెన్‌డ్రైవును గుర్తుపట్టడానికి కాస్త సతాయించింది, తీసి ఇంకో చోట పెడితే పట్టుకుంది. అప్ప ఫైలు మీద రెండుసార్లు నొక్కాను.

తెరుచుకుంది. గుణింతాలు, వత్తులు, అన్నీ ఎక్కడివక్కడ. ఏడాది దాటాక నా అక్షరాలు చూస్తున్నాను. ఆ ఒక్క క్షణం నాకు మేస్టారు పక్కనున్న సంగతే గుర్తులేదు.

ఆయన కళ్లజోడు పెట్టుకుని, హెడ్మాస్టరు కదా, తెర మీద వేలు పెట్టి పైకి చదవడం మొదలుపెట్టాడు. ఆయా అన్న మాట వచ్చింది. ముప్పై ఏళ్లు బెడ్‌పాన్లు వచ్చాయి. దేవుడు చూసిన పని మనుషుల దగ్గర దాచడం ఎందుకన్న మాట వచ్చింది. చదవడం ఆపి, "ఇది అప్ప మాటేరా, గొంతు వినిపిస్తన్నాది" అన్నాడు. మళ్లీ చదివాడు. వేలు 'స్వయంగా' దగ్గరికి వచ్చి ఆగింది.

నేను ఆయన మొహం వంక చూశాను. అరవై ఏళ్లుగా ఆ మొహం మీద చూడాలనుకున్నది ఆ రోజు చూశాను. చిన్నబుచ్చుకున్నాడు. నాకు సంతోషం కలిగింది, అబద్ధమెందుకు.

"స్వయంగా నేర్చుకున్నానని సెప్పిందేటి?" అన్నాడు. తగువు పెట్టుకునే గొంతు కాదు. ఆవిడే మరిచిపోయిందేమోనన్నట్టు అడిగాడు.

అవునంటే అయిపోయేది. కాదంటే, ఒక చోట నేను మార్చానని ఒప్పుకున్నట్టు. ఒక చోట మార్చినవాడు ఆయా అన్న చోట మార్చలేదని ఎవరు నమ్ముతారు? కూతురు అసలే నమ్మదు. అప్ప కోసం అబద్ధం నిలబెట్టాలా, విప్పాలా? టీ చల్లారిపోయింది. వాళ్ళావిడ వచ్చి గ్లాసు తీసుకుపోయింది.

"లేదు మేస్టారూ. మీరే నేర్పారని సెప్పింది. మరిసిపోవద్దని కూడా సెప్పింది. నానే రాయలేదు."

ఎందుకని అడగలేదు. అడిగితే బోర్డింగు సీటు నుంచి మొదలుపెట్టి అంతా అనేద్దామని గుండెలో సిద్ధంగా పెట్టుకున్నాను. ఆ అవకాశం కూడా ఇవ్వలేదు. కళ్లజోడు తీసి తుడుచుకుని, "మరి ఆయా అన్న మాట? అది ఆవిడదా, నీదా?" అన్నాడు.

"ఆవిడదే."

నా వంక చూశాడు. కుర్చీలోంచి లేచి, కూర్చోమన్నట్టు నా వైపు తిప్పాడు. నేను కూర్చుని 'స్వయంగా' తీసేశాను. 'నలభయ్యో ఏట, ఆదివారం మధ్యాహ్నాలు, ఆస్పత్రి వెనక వరండాలో మేస్టారు చెయ్యి పట్టి అక్షరాలు దిద్దించగా చదువు నేర్చుకొని, ఆ తర్వాత ఒక్క రోజూ బైబిలు చదవకుండా నిద్రపోలేదు' అని కొట్టాను. పది వేళ్లూ వరసగా ఆడాయి. ఆయన వెనక నిలబడి చూస్తూ, తనకు ఈ జన్మలో అలా రాదన్నాడు. ఆ మాట అరవై ఏళ్ల ముందు అని ఉంటే ఎంత బాగుండేది. ఆయన ప్రింటరు మీదే రెండు ప్రతులు అచ్చు తీశాం. తన కాగితాలు మడిచి సొరుగులో పెట్టుకున్నాడు. పారేయలేదు, అది గమనించాను.

ఇద్దరం ఆటో ఎక్కి అప్ప కూతురి ఇంటికి వెళ్లాం. అక్కడ కాగితం ఆయనే ఇచ్చాడు. కూతురు చదివింది. ఆయా దగ్గర మళ్లీ ఆగి, తల ఎత్తి, నా వైపు చూడకుండా ఆయన్ని అడిగింది. "అమ్మ అలాగ అన్నాదా మేస్టారూ?"

"అన్నాదమ్మా. రాసిన ఫైలు నా కళ్లతో సూసినాను" అన్నాడు.

ఆ అమ్మాయి కళ్లు తుడుచుకుని, సరే చదవమనండి అంది. అప్ప ఆ మాటలన్న రోజు ఆ గదిలో ఉన్నది నేను. విన్నది నేను. ఆయన చూసింది తెర. అయినా ఆయన అన్నాదంటే అన్నట్టు, నేను అన్నాదంటే మరుపు. నేను నా చెప్పులు వెతుక్కుని ముందే గుమ్మం దిగాను.

ఆదివారం అయ్యగారు చదివారు. 'ఆయాగా' అన్న మాట వచ్చింది. వెనక బల్లల మీద ఆస్పత్రిలో ఆయాలుగా పనిచేసి మానేసిన ఇద్దరు ముసలమ్మలు కూర్చున్నారు. ఒకావిడ రెండో ఆవిడ చెయ్యి పట్టుకోవడం నేను చూశాను. అప్పకిచ్చిన మాట నిలబడింది. అది చాలుననే అనుకున్నాను.

తర్వాత మేస్టారి గురించి నేను రాసిన వాక్యం వచ్చింది. అయ్యగారు దాన్ని రెండుసార్లు చదివారు, అంత నచ్చింది. కూడిక అయ్యాక భోజనాల దగ్గర జనం మేస్టారి చుట్టూ చేరారు. అప్పకు చదువు చెప్పిన సంగతి ఇన్నాళ్లూ చెప్పలేదేమని, ఎంత గొప్ప మనిషని చేతులు పట్టుకున్నారు. ఆయన తల వంచుకుని నిలబడ్డాడు. ఒకసారి నా వైపు చూసి ఏదో చెప్పబోయాడు, ఇంకెవరో వచ్చి చెయ్యి పట్టుకున్నారు.

నేను చెయ్యి కడుక్కుని ఇంటికి వచ్చేశాను. మా ఆవిడ ఎలా జరిగిందని అడిగింది. బాగా జరిగిందన్నాను. సంగ్రహం ఎవరికి బాగా నచ్చిందని అడిగింది. మేస్టారిని మెచ్చుకున్నారని చెప్పాను. ఆవిడ నవ్వు ఆపుకోవడానికి మొహం పక్కకు తిప్పుకుంది.

ఆ పేజీ ఇప్పటికీ నా దగ్గర ఉంది, అప్పుడప్పుడు తీసి చదువుతాను. ముప్పైమందికి పైగా బతుకులు రాశాను. వాటన్నింటిలోనూ నాకు బాగా కుదిరిన వాక్యం ఆ నలభయ్యో ఏటి వాక్యమే. దాన్ని కొట్టిన వేళ్లు నావని ఆ రోజు చర్చిలో ఒక్కరికీ తెలియదు. తెలిసిన ఒక్కడూ ఆయనే. మిగతా ఫైళ్లు తెరిపించడానికి నెలకోసారి ఆయన ఇంటికి వెళుతున్నాను. వెళ్లిన ప్రతిసారీ ఆ పువ్వుల గుడ్డ చూసి నాకు ఇంకా ఒళ్లు మండుతూనే ఉంది.